గన్నవరం నుంచి మధురపూడి దాకా: రెండు విమానాశ్రయాలు, మధ్యలో ఒక గేటు

గన్నవరం విమానాశ్రయం నుంచి రాజమండ్రి పక్కనున్న మధురపూడి విమానాశ్రయానికి ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది? అటు దిగి ఇటు ఎక్కాల్సినవాళ్ళు ఈ మాట అడుగుతూనే ఉంటారు. మా ఇంట్లో మాత్రం ఈ ప్రశ్న మీదే ఇద్దరికి ఆరేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళు నా చెల్లెలు కమల, నా తమ్ముడు ప్రభు. నేను వాళ్ళకి పెద్దక్కని. ఏలూరు పక్కన వట్లూరులో ఉంటాను, బడిలో తెలుగు చెబుతాను. మొన్న ఫిబ్రవరిలో ఆ ఇద్దరినీ ఒకే కారులో కూర్చోబెట్టుకుని, ఈ విమానాశ్రయం నుంచి ఆ విమానాశ్రయం దాకా పగటిపూట ప్రయాణం చేశాను. ఆ దారి ఎలా ఉంటుందో, ఎక్కడ ఎంతసేపు పడుతుందో మీకు పనికొస్తుందని రాస్తున్నాను. ఈ దారి మీద నాకు సొంత పని కూడా ఒకటి ఉంది. అది చెప్పకుండా టైములు మాత్రమే రాస్తే సగమే రాసినట్టు.

మా నాన్నగారు రైల్వేలో గేటుమేన్. తాడేపల్లిగూడెం దగ్గర ఒక లెవెల్ క్రాసింగులో ఇరవై ఆరేళ్ళు పనిచేశారు. ఆరేళ్ళ క్రితం నవంబరులో ఆయన పోయేనాటికి ప్రభు పూణేలో ఉన్నాడు, లిఫ్టుల కంపెనీలో ఇంజనీరు. హైదరాబాదులో విమానం మారాలి. అక్కడి నుంచి గన్నవరానికీ, మధురపూడికీ దాదాపు ఒకే వేళకి విమానాలున్నాయి. "ఏది దొరికితే అది ఎక్కరా, గూడేనికి రెండూ ఒకటే" అని కమల ఫోనులో చెప్పింది. మా తాడేపల్లిగూడెంలో ఎవరినడిగినా అదే అంటారు, నట్టనడుమ ఉన్న ఊరు కదా. వాడు మధురపూడిలో దిగాడు. దారిలో నిడదవోలు రైలు గేటు పడి ఆగిపోయాడు. వాడు వచ్చేసరికి అంతా అయిపోయింది. మా క్రైస్తవుల్లో శవపెట్టెని గోతిలోకి దించాక ఇంటివాళ్ళు తలా గుప్పెడు మన్ను వేస్తారు. ఒక్కగానొక్క కొడుకు, ఆ గుప్పెడు వాడికి దక్కలేదు. "గన్నవరంలో దిగి ఉంటే హైవే మీద అందేవాడిని, గేట్లుండవు. చిన్నక్క మాట విని చెడిపోయాను" అన్నాడు ప్రభు. "రెండూ ఒకటే, లెక్క చూసుకో" అంది కమల. అది లెక్కల టీచరు. అక్కడితో మాటలు తెగిపోయాయి.

ఆ రోజు జరిగిందాంట్లో వాళ్ళిద్దరికీ తెలియనిది ఒకటుంది. ప్రభు గేటు దగ్గర ఆగాడని పాస్టరుగారికి ఫోను వచ్చింది. ఆయన నా దగ్గరికి వచ్చి, ఆగుదామా అని అడిగారు. వద్దు, దించేయండి అని చెప్పింది నేను. ఎందుకు చెప్పానో ఆరేళ్ళుగా నా లోపలే ఉంచుకున్నాను. నింద కమల మోసింది. ఈ ప్రయాణంలో అది చెప్పేయాలనుకున్నాను. చెబితే తమ్ముడు నన్ను కూడా వదిలేయవచ్చని తెలుసు. అయినా చెప్పాలి.

అవకాశం దానంతట అదే వచ్చింది. కమల హైదరాబాదు నుంచి వచ్చి మా ఇంట్లో వారం ఉంది. తిరుగు టిక్కెట్టు మధురపూడి నుంచి సాయంత్రం ఐదూ ఇరవైకి దొరికింది. అదే రోజు పొద్దున్న ప్రభు గన్నవరంలో దిగుతున్నాడు, మర్నాడు వాడికి రాజమండ్రిలో ఆఫీసు పని. ఇద్దరికీ ముందే చెప్పాను, దాచలేదు. ప్రభు "సరే అక్కా" అని ఊరుకున్నాడు. కమల మాత్రం "వాడు ఎక్కితే నేను దిగిపోతాను" అంది. "దిగు. విమానం నీకోసం ఏలూరు రాదు" అన్నాను.

కారు మా వట్లూరులోనే మాట్లాడుకున్నాను. వట్లూరు నుంచి గన్నవరం, అక్కడి నుంచి మధురపూడి, మళ్ళీ వట్లూరు. డీజిలు, టోలు అన్నీ కలిపి ఆరున్నర వేలు, డ్రైవరుగారి బత్తా ఐదు వందలు వేరే. బస్సులో అయితే గన్నవరం బస్టాండులో రాజమండ్రి బస్సు ఎక్కవచ్చు, నాలుగు గంటలు వేసుకోండి. రాజమండ్రిలో దిగాక మధురపూడికి ఆటోవాళ్ళు మూడు నాలుగు వందలు అడుగుతారు. సామాను ఉంటే బస్సు వద్దు.

పొద్దున్న ఆరూ నలభైకి బయలుదేరాం. ఎక్కగానే కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నాను. మా డ్రైవరు నాగేశ్వర్రావుగారు తలుపు పట్టుకుని నిలబడే ఉన్నారు. ఆమెన్ అనగానే అడిగారు.

"మీదయ్యిందాండీ టీచరుగారూ? నా నిమ్మకాయ కూడా తొక్కించేసుకుంటానండి."

"తొక్కించండి."

"రెండూ ఉంటే మంచిదండి. ఇవాళ బండి బరువుగా ఉందంటున్నారు కదండీ" అని కమల వైపు ఓరగా చూశారు. ఊరంతా తెలిసినట్టే ఉంది.

ఏడూ ముప్పావుకి గన్నవరం చేరాం. విమానాశ్రయం హైవే పక్కనే, వెతుక్కోవక్కర్లేదు. ప్రభు ఎనిమిదిన్నరకి బయటికొచ్చాడు. నాకు వంగి దణ్ణం పెట్టాడు, కమలని చూడలేదు. ముందు సీట్లో కూర్చుని మొదట అన్న మాట, "నాగేశ్వర్రావుగారూ, మీటరు సున్నా చెయ్యండి." ఫోనులో టైము రాసుకున్నాడు. ఎనిమిదీ ముప్పై ఐదు.

"ఇవాళ తేలిపోతుందిలే" అంది కమల కిటికీతో.

హైవే బాగుంది, హనుమాన్ జంక్షన్ ఇట్టే దాటేశాం. తర్వాత ప్రభు గొంతు సవరించుకున్నాడు.

"నాగేశ్వర్రావుగారూ, వెనక కూర్చున్నవాళ్ళని అడగండి, ఏసీ ఎక్కువైందేమో."

"ఏవండీ, ఏసీ ఎక్కువైందాండీ?"

"ముందు కూర్చున్నాయనతో చెప్పండి నాగేశ్వర్రావుగారూ, ఆరేళ్ళుగా అలవాటైపోయింది చల్లదనం."

"అయ్యా, అలవాటైపోయిందంటండి." నాగేశ్వర్రావుగారు అద్దంలోంచి నన్ను చూశారు. "టీచరుగారూ, నాకిచ్చింది డ్రైవరు బత్తాయేనాండీ, టెలిఫోను ఎక్స్ఛేంజికి కూడా కలిపి ఇస్తారాండీ?"

నాకు నవ్వొచ్చింది. వాళ్ళిద్దరూ చెరో కిటికీ వైపు తిరిగారు. నవ్వు దాచుకోవడానికే అనుకుంటాను.

కలపర్రు టోలు దాటి, ఏలూరులో కైకలూరు రోడ్డు మలుపుకి తొమ్మిదీ ఇరవై ఐదు. యాభై నిమిషాలు. నేరుగా వెళితే పదకొండు కాకుండానే గూడెంలో ఉంటాం. కానీ చేతిలో సమయం ఉంది, ఫిబ్రవరిలో ఇటు వచ్చినవాళ్ళు కొల్లేరు చూడకుండా పోకూడదు. పదహారు కిలోమీటర్లు లోపలికి వెళ్ళి ఆగాం. ఇంకా లోపలికి కొల్లేటికోట దాకా వెళ్ళాలంటే మరో గంటన్నర వేసుకోండి. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో సన్నటి గట్లు. దూరంగా గూడబాతులు గుంపుగా నీటి మీద కూర్చుని ఉన్నాయి. చెరువుల మీద పనిచేసేవాళ్ళు పొద్దున్నే వస్తారు కనుక ఇక్కడ పదింటికే అన్నం వండుతారు. రేకుల పాకలో మంగమ్మ అనే ఆవిడ శీలావతి చేప పులుసు పెడుతుంది. భోజనం నూట ముప్పై. ముల్లు ఎక్కువ, తొందరపడకుండా తినాలి.

పాక పక్కనే ఒక చెరువు ఎండగట్టడానికి ఇంజనుతో నీళ్ళు తోడుతున్నారు. ఇంజను చప్పుడు విని ప్రభు ప్లేటు వదిలేసి వెళ్ళాడు. ఇంజనీరు బుద్ధి. గట్టు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఎన్నాళ్ళు తోడాలండీ?"

"చేపల పట్టుబడి అయిపోయి ఐదు రోజులైందండి. అప్పట్నించీ తోడతానే ఉన్నామండి. పొద్దున్న అడుగు కనబడద్ది. ఓ గంట ఇంజను ఆపితే మళ్ళీ మోకాలిలోతు."

"ఎక్కడ్నుంచి వస్తున్నాయి మరి?"

"ఎక్కణ్ణుంచేంటండి, నేల్లోంచేనండి. ఊట. ఈ చుట్టుపక్కల నేల తవ్వితే నీళ్ళు ఆగమన్నా ఆగవండి."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. చెప్పాలనుకున్నది సరిగ్గా అదే. ప్రభు తిరిగొచ్చి కూర్చున్నాడు. మాట నోటిదాకా వచ్చింది.

"ఏంటండీ, పులుసు బాలేదాండీ? ముద్ద పట్టుకునే కూర్చున్నారు" అంది మంగమ్మ.

"బాగుందమ్మా."

"అయితే ఇంకో ముక్క వేసుకోండి" అని వేసింది. నేను చేపముక్కతో పాటు మాట కూడా మింగేశాను.

పదకొండూ ఇరవైకి మళ్ళీ ఏలూరు మలుపులో ఉన్నాం. భీమడోలు, ఉంగుటూరు టోలు, తర్వాత తాడేపల్లిగూడెం. గూడెం వెళ్ళే పని లేనివాళ్ళు గుండుగొలను దగ్గర ఎడమకి తిరిగి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరవచ్చు. పెద్ద రోడ్డు, రైలు గేట్ల బాధ లేదు. ఆ దారిలో ఒక విమానాశ్రయం నుంచి ఇంకొక విమానాశ్రయానికి రెండున్నర, మూడు గంటల్లో చేరిపోతారు. మాకు గూడెంలో పని ఉంది.

సమాధుల తోట గేటు ముందు కారు ఆగేసరికి పన్నెండూ ఇరవై ఐదు. మీటరు నూట ఇరవై రెండు చూపించింది. "కొల్లేరు రానూపోనూ ముప్పై రెండు తీసేస్తే తొంభై" అంది కమల వెనక నుంచి. "గంటా యాభై ఐదు నిమిషాలు." ప్రభు రాసుకున్నాడు. తర్వాత చాలాసేపు దిగలేదు. ఆరేళ్ళలో వాడు ఇక్కడికి రాలేదు.

ముగ్గురం వెళ్ళి నాన్నగారి సమాధి దగ్గర నిలబడ్డాం. చుట్టూ సిమెంటు అంచు, మధ్యలో మన్ను, తల దగ్గర పేరు చెక్కిన పలక. కమల ఎండుటాకులు ఏరింది. నేను మనసులో ప్రార్థన చేసుకున్నాను. అడిగింది ధైర్యం ఒక్కటే. కళ్ళు తెరిచి చెప్పాను.

"ప్రభూ, ఆ రోజు నీకోసం ఆగుదామా అని పాస్టరుగారు నన్ను అడిగారు. వెలుతురు ఉంది, ఆగవచ్చు. నేనే వద్దన్నాను."

వాడు నా వైపు తిరిగాడు. కమల చేతిలో ఆకులు అలాగే ఉన్నాయి.

"నాలుగు రోజుల వాన. పక్కన కాలవ నిండుగా ఉంది. పొద్దున్న తవ్విన గొయ్యి మధ్యాహ్నానికి ఊట పట్టింది. ఇద్దరు దిగి బకెట్లతో తోడుతున్నారు. వాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, మళ్ళీ మోకాలి దాకా వస్తోంది. నువ్వు రావడానికి ఇంకో గంట అన్నారు. గంటలో వాళ్ళు అలిసిపోతారు. నాన్నగారిని నీళ్ళల్లో దించాల్సి వస్తుందనిపించింది. అది నువ్వు చూడకూడదనుకున్నాను. నేనూ చూడలేననుకున్నాను. దించేయమన్నాను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు నెమ్మదిగా.

"గోతిలో నీళ్ళని నీకు చెప్పలేకపోయాను. తర్వాత నువ్వు కమలని అన్నావు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఊరుకోవడం తేలికైంది."

వాడు సమాధి మీది మన్ను వైపు చూశాడు. వంగుతాడనుకున్నాను. వంగలేదు. వెళ్ళి కారులో కూర్చున్నాడు.

కమల ఆకులు కింద పారేసింది. "ఆరేళ్ళు. క్రిస్మస్‌కి వాడి ఫోను లేదు. నా కూతురి బాప్తిస్మానికి రాలేదు. నేను ఏడిస్తే నా పక్కన కూర్చుని, సర్దుకుంటాడులే అన్నావు. రోజూ పొద్దున్నే మోకరిస్తావు కదక్కా. ఏమని ప్రార్థన చేశావు మరి ఈ ఆరేళ్ళూ?"

తక్కువ మాట్లాడే మనిషినని నాకు మంచి పేరుంది. అన్ని మౌనాలూ మంచివి కావని ఆ ఎండలో నిలబడి తెలుసుకున్నాను.

ఊళ్ళో మంచి భోజన హోటళ్ళున్నాయి, నూట యాభై లోపే కడుపు నిండుతుంది. మేమెవరమూ దిగలేదు. నాగేశ్వర్రావుగారు మాత్రం తిని, ఒక అరటిపళ్ళ అత్తం తెచ్చి సీట్ల మధ్య పెట్టారు.

"నలభై రూపాయలేనండి. ఖాళీ కడుపుతో కోపం మంచిది కాదండి, అరగదు."

ఎవరూ పండు తియ్యలేదు. ఒంటిగంటా యాభైకి ప్రభు ఒక్క మాటే అన్నాడు. "మీటరు సున్నా చెయ్యండి."

గూడెం నుంచి నిడదవోలు ఇరవై కిలోమీటర్లు. రోడ్డు సన్నం, పక్కన కాలవ, వరిచేలు, ఎదురుగా ట్రాక్టర్లు. తొందర పనికిరాదు. రెండూ ఇరవై ఎనిమిదికి నిడదవోలు గేటు కనిపించింది. మేము చూస్తుండగానే గంట మోగింది, గేటు దిగింది. నాగేశ్వర్రావుగారు బ్రేకు వేసి ఇంజను ఆపేశారు.

"పడిందండీ" అన్నారు.

కమల గడియారం చూసుకుంది. విమానం ఐదూ ఇరవైకి, కౌంటరు గంట ముందే మూసేస్తారు. ఒక గూడ్సు వెళ్ళింది. గేటు లేవలేదు. బైకులవాళ్ళు బళ్ళు పక్కకి వంచి, తల దించి గేటు కింద నుంచి దూరిపోతున్నారు.

ప్రభు తలుపు తీసుకుని దిగాడు. గేటు దాకా వెళ్ళి నిలబడ్డాడు. నేనూ దిగి పక్కన నిలబడ్డాను. కమల కిటికీ అద్దం దించింది. వాడు గేటు వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఆ రోజు ఇక్కడే నిలబడ్డానక్కా. ఇరవై ఐదు నిమిషాలు. ఇలాగే దూరిపోతున్నారు అందరూ. ఒకాయన బైకు ఆపి, తండ్రి పోయారంటున్నారు, రండి, అవతల దించేస్తాను, ఆటో ఎక్కేయండి అన్నాడు. వెళ్ళి ఉంటే అందేవాడిని."

"ఎందుకు వెళ్ళలేదురా?"

"దూరలేకపోయాను." గేటు కడ్డీ మీద చెయ్యి వేశాడు. "నాన్న ఎలా అరిచేవారో గుర్తుందా? గేటు పడ్డాక కలెక్టరుగారు వచ్చినా ఆగాల్సిందే అనేవారు. ఒకసారి బడికి టైమైపోతోందని నేను దూరితే, వెనక్కి లాక్కొచ్చి, రైలు వెళ్ళేదాకా చెయ్యి పట్టుకుని నిలబెట్టారు. ఆయన ఆఖరి ప్రయాణానికి గేటు కింద దూరి వెళ్ళనా అనుకున్నాను. నిలబడిపోయాను. గేటు లేచింది, వచ్చాను, అయిపోయింది."

ఇంకో రైలు కూత వినిపించింది. వాడు కొంచెం గట్టిగా అన్నాడు.

"ఎందుకు ఆలస్యమైందని అందరూ అడిగారు. గేటు కింద దూరలేక అని ఏ నోటితో చెప్పను? ఇంజనీరుని, నలభై ఏళ్ళవాడిని. విమానాశ్రయం తప్పన్నాను. చిన్నక్క తప్పు చెప్పింది అన్నాను."

రైలు మా ముందు నుంచి పోయింది. తర్వాత వెనక నుంచి కమల గొంతు వినిపించింది.

"ఒరేయ్!"

ఆరేళ్ళ తర్వాత అది వాడిని నేరుగా పిలిచిన మొదటి పిలుపు. వాడు తిరిగాడు.

"అంటే ఈ ముగ్గురిలో ఏ తప్పూ చెయ్యంది నేనొక్కదాన్నేనన్నమాట!"

"అవును చిన్నక్కా."

"మరి ఆరేళ్ళూ తిట్లు తిన్నది ఎవరు?"

"నువ్వే చిన్నక్కా."

"అయితే ఆ అరటిపళ్ళు ఇలా ఇవ్వు. తిట్లతో కడుపు నిండదు." అంటూనే ఏడ్చేసింది. వాడు వెళ్ళి పండు ఒలిచి చేతిలో పెట్టాడు. నాగేశ్వర్రావుగారు స్టీరింగు మీద చెయ్యి వేసుకుని ఎటో చూస్తున్నారు. "ఆయ్, లైను కలిసిందండీ" అన్నారు మెల్లగా.

నాతో మాత్రం కమల ఇంకా మాట్లాడలేదు. సగం పండు విరిచి, చూడకుండానే నా వైపు చాచింది. తీసుకున్నాను. రెండూ యాభైకి గేటు లేచింది.

కొవ్వూరు మూడూ ఇరవై ఐదుకి. అక్కడి నుంచి గోదావరి మీది నాలుగో వంతెన ఎక్కితే రాజమండ్రి ఊళ్ళోకి పోకుండానే మధురపూడి రోడ్డు అందుకోవచ్చు. గోదావరి ఫిబ్రవరిలో నెమ్మదిగా ఉంటుంది, ఇసుక తిన్నెలు పైకి తేలి ఉంటాయి. వంతెన మీద బండి ఆపకండి, అద్దం దించుకోండి చాలు. విమానాశ్రయం ముందు ఆగేసరికి నాలుగూ ఐదు. మీటరు అరవై నాలుగు. గూడెం నుంచి రెండుంబావు గంటలు, గేటు దగ్గర ఆగిన ఇరవై రెండు నిమిషాలు తీసేస్తే గంటా యాభై మూడు.

కమల వేళ్ళ మీద లెక్క వేసింది. "అటు గంటా యాభై ఐదు, ఇటు గంటా యాభై మూడు. రెండు నిమిషాలు! ఏవన్నాన్రా ఆ రోజు? రెండూ ఒకటే అన్నానా లేదా?"

"కిలోమీటర్లు ఇరవై ఆరు తేడా ఉంది చిన్నక్కా."

"కిలోమీటర్లు నువ్వు పట్టుకో, నిమిషాలు నాకొదిలెయ్."

వాడు దాని పెట్టె దింపి ద్వారం దాకా మోసుకెళ్ళాడు. లోపలికి వెళ్ళబోతూ కమల వెనక్కి వచ్చింది, నా దగ్గరికి. కోపం తగ్గలేదు, కళ్ళల్లో కనిపిస్తూనే ఉంది. "నీ మీద ఇంకా కోపంగానే ఉంది. ఈస్టరుకి వస్తాను. అప్పటికి తగ్గకపోతే అప్పుడు తిడతాను" అంది.

"రా. కూర్చోబెట్టి తిట్టు."

అది వెళ్ళిపోయాక ప్రభుని రాజమండ్రిలో వాడి హోటలు దగ్గర దించాలి. వాడు కారెక్కి కాసేపు మీటరు వైపు చూశాడు.

"నాగేశ్వర్రావుగారూ, గూడెం వెనక్కి ఎంతసేపండీ?"

"ఇప్పుడే కదండీ లెక్కలేశారు? రెండు గంటల లోపేనండి. గేటు పడకపోతే."

"పడినా పర్లేదండి. ఆగుదాం." నా వైపు తిరిగాడు. "అక్కా, రేపు పదింటికి కదా పని. రాత్రికి ఏలూరు వచ్చేస్తాను, పొద్దున్నే రైలెక్కుతాను. వెలుతురు ఉండగా ఒక్కసారి తోటకి వెళదాం."

గేటు పడలేదు. ఆరు దాటుతుండగా చేరాం. ఆకాశంలో ఇంకా కొంచెం వెలుగుంది. ప్రభు వంగి మన్ను తీశాడు. ఫిబ్రవరి మన్ను, పొడిగా ఉంది, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. పిడికిలి బిగించి, మళ్ళీ మెల్లగా విప్పి నాన్నగారి మీద వేశాడు. చెయ్యి దులుపుకోలేదు.

ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం మా లెక్కలో నూట యాభై నాలుగు కిలోమీటర్లు, కొల్లేరు కలపకుండా. ఆరేళ్ళు దాని మీద పోట్లాడుకున్నాం. కొలిచి చూస్తే నా చెల్లెలి మాటే నిజమైంది, అయినా ఆ నిజంతో ఎవరికీ పనిలేకపోయింది. వాడు చెప్పలేనిది వాడు విమానాశ్రయం మీద పెట్టాడు, నేను చెప్పలేనిది దాని కింద దాచాను. రోడ్డు మాత్రం ఎవరి పక్షమూ పట్టకుండా అక్కడే ఉంది. ఇప్పుడు నేను పొద్దున్నే మోకరించినప్పుడు, కమల అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.

ఇక మీకు పనికొచ్చే మాట. గూడెం మీదుగా ఒక విమానాశ్రయం నుంచి ఇంకొక విమానాశ్రయానికి వెళ్ళేవాళ్ళు దారికి నాలుగు గంటలు, నిడదవోలు గేటుకి విడిగా అరగంట వేసుకోండి. అవతల ఎవరైనా మీకోసం ఆగి ఉంటే, గేటు పడగానే ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆగలేనివాళ్ళు కూడా, ఎందుకు ఆగలేరో అప్పుడే చెప్పేయాలి.